ఫాస్ఫరస్ పక్కన ఒక్క గంధక పరమాణువు: మార్పు చేసిన కేంద్రకామ్లాలపై పరిశోధనా జీవితం గురించి ఒక సందేహం

ప్రశ్న అడిగినవారు: జీవరసాయన విద్యార్థి

జీవరసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, పీహెచ్‌డీ అంశాన్ని ఎంచుకోవలసిన దశలో ఉన్నాను. రసాయనికంగా మార్పు చేసిన కేంద్రకామ్లాలపై పనిచేయాలని నా కోరిక. ప్రస్తుతం నా ముందు రెండు అవకాశాలున్నాయి. మొదటి ప్రయోగశాలలో కేంద్రకామ్లపు చక్కెర వలయంలోని 2-ప్రైమ్ స్థానంలో, అంటే రెండో కర్బనం దగ్గర, రకరకాల సమూహాలను చేర్చి, ఔషధాలుగా పనికివచ్చే ఆలిగోన్యూక్లియోటైడ్లను, అంటే పొట్టి కేంద్రకామ్ల గొలుసులను, తయారుచేస్తారు. రెండో ప్రయోగశాలలో ఫాస్ఫోరోథయోయేట్లను, అంటే ఫాస్ఫేట్‌లోని ఒక ఆక్సిజన్‌కు బదులు గంధకం ఉన్న కేంద్రకామ్లాలను, పరికరంగా వాడుకుని ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైములు, రైబోజైములు (ఎంజైముల్లా పనిచేసే ఆర్‌ఎన్‌ఏలు) ఎలా పనిచేస్తాయో అధ్యయనం చేస్తారు.

ఈ రెండో విషయం గురించి చదువుతుండగా, జర్మనీలోని గొట్టింగెన్‌లో మాక్స్ ప్లాంక్ ప్రయోగాత్మక వైద్య సంస్థలో పనిచేసిన ఫ్రిట్జ్ ఎక్‌స్టైన్ గారి పరిశోధనలు కంటబడ్డాయి. 1960ల మధ్యలో మొదలైన ఒకే ఒక్క మార్పును పట్టుకుని ఆయన దశాబ్దాలపాటు పనిచేశారని తెలిసి ఉత్సాహం కలిగింది, దానితోపాటు కొంత బెరుకూ పుట్టింది. ఒక్క పరమాణువును మార్చడం చుట్టూ ఒక జీవితకాలపు పని ఉంటుందంటే, అది ఆ కాలానికి మాత్రమే సాధ్యమైన విషయమా, లేక ఇప్పుడు కూడా అలాంటి దారిలో నడవవచ్చా అన్నది నా ప్రధాన సందేహం. అణువుల నిర్మాణాన్ని చూపే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, దాన్ని కంప్యూటరుతో అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ వంటివి వచ్చిన తరువాత ఎంజైము పనితీరును పరోక్షంగా ఊహించే పాత పద్ధతులకు విలువ మిగిలి ఉందా? మరోవైపు ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు, ఎస్ఐఆర్‌ఎన్‌ఏ (జన్యువులను నిశ్శబ్దం చేసే పొట్టి ఆర్‌ఎన్‌ఏ జంట) మందులు బజారులోకి వచ్చేశాయి కాబట్టి ఔషధాల వైపున కూడా ముఖ్యమైన పని అయిపోయిందేమోనన్న అనుమానం ఉంది.

ఇంకొక విషయం: నేను చదివింది జీవరసాయనమే తప్ప కర్బన రసాయనం కాదు. సంశ్లేషణలో నా అనుభవం శూన్యం. ఈ రంగంలో పనిచేసినవారు వివరంగా చెబితే ఎంతో ఉపకారం చేసినవారవుతారు.

సమాధానం: ఎంజైముల రసాయనం

నమస్కారం. ఎక్‌స్టైన్ ఒకే మార్పును పట్టుకుని దశాబ్దాలు పనిచేశారన్న మాట నిజమే. అయితే ఆయన పత్రాలను కాలక్రమంలో చదివితే ఇంకొకటి కూడా కనిపిస్తుంది: గంధకం ఉన్నచోటే ఉంది, దాని సాయంతో అడిగిన ప్రశ్న మాత్రం మారుతూ వచ్చింది. పరిశోధనా జీవితం గురించి ఆలోచించేవారు గమనించవలసింది ఆ మారిన ప్రశ్నలనే అని నా అభిప్రాయం.

డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ వెన్నెముకలో ప్రతి ఫాస్ఫరస్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లుంటాయి. వాటిలో రెండు అటూ ఇటూ చక్కెరలను కలుపుతాయి, మిగిలిన రెండు బయటికి చూస్తూ ఉంటాయి. బయటనున్న రెండింటిలో ఒకదాన్ని తీసి గంధకం పెడితే ఋణావేశం అలాగే ఉంటుంది, నీటిలో కరిగే గుణమూ పోదు, ఎదుటి పేటతో జతకట్టడమూ ఆగదు. కానీ ఫాస్ఫరస్‌కు ఇప్పుడు నాలుగు వేర్వేరు సమూహాలున్నాయి కాబట్టి అది కైరల్ కేంద్రమవుతుంది, అంటే ఆ నాలుగింటినీ అద్దంలో ప్రతిబింబంలా రెండు తీరుల్లో అమర్చవచ్చు. ఆర్‌పీ, ఎస్‌పీ అనే రెండు రూపాలు ఏర్పడతాయి. మందు తయారుచేసేవారికి ఇది తలనొప్పి. ఎంజైము ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనుకునేవారికి మాత్రం ఇదే అసలు సంపద, ఎందుకంటే చర్యకు ముందు ఏ రూపం ఉంది, తరువాత ఏ రూపం వచ్చింది అని పోల్చి చూస్తే చర్య ఏ మార్గంలో జరిగిందో చెప్పవచ్చు.

ఒక్క ఉదాహరణను కాస్త దగ్గరగా చూద్దాం. రైబోన్యూక్లియేజ్-ఏ ఆర్‌ఎన్‌ఏను రెండు దశల్లో కోస్తుంది. మొదట 2-ప్రైమ్, 3-ప్రైమ్ ఆక్సిజన్ల మధ్య వలయపు ఫాస్ఫేట్ ఏర్పడుతుంది, తరువాత నీరు వచ్చి ఆ వలయాన్ని తెరుస్తుంది. వచ్చే సమూహం, పోయే సమూహం ఫాస్ఫరస్‌కు ఎదురెదురు దిక్కుల్లో ఉంటాయా, లేక పక్కపక్కన ఉండి మధ్యలో ఫాస్ఫరస్ చుట్టూ సర్దుబాటు జరుగుతుందా అన్నది అప్పటి వివాదం. ఎదురెదురుగా ఉంటే, గాలికి గొడుగు తిరగబడినట్లు ఫాస్ఫరస్ విన్యాసం (దాని చుట్టూ సమూహాల అమరిక) తిరగబడాలి. పక్కపక్కన ఉండి సర్దుబాటు జరిగితే విన్యాసం అలాగే నిలవాలి. మామూలు ఫాస్ఫేట్‌తో ఈ తేడా కనిపెట్టే వీలులేదు. ఎక్‌స్టైన్ తయారుచేసిన యూరిడిన్ వలయపు ఫాస్ఫోరోథయోయేట్‌లోని రెండు రూపాల్లో ఒకదాన్ని స్ఫటికంగా వేరుచేసి, ఎక్స్-కిరణాలతో దాని విన్యాసాన్ని నిర్ధారించి, దానితో అషర్, రిచర్డ్‌సన్, ఎక్‌స్టైన్‌లు 1970లో ఎంజైము రెండో దశ ఎదురెదురు మార్గంలోనే నడుస్తుందని చూపించారు. ఒక పరమాణువు మార్పిడి, ఒక స్ఫటికం, ఒక ఎంజైము చర్య: ఇంత పొదుపుగా వాదనను ముగించిన ప్రయోగాలు జీవరసాయనంలో ఎక్కువ లేవు.

తరువాతి ప్రశ్న పాలిమరేజ్‌లది, అంటే కేంద్రకామ్ల గొలుసులను కట్టే ఎంజైములది. ఆల్ఫా స్థానంలో, అంటే చక్కెర పక్కనున్న ఫాస్ఫేట్‌లో, గంధకమున్న న్యూక్లియోటైడ్ ట్రైఫాస్ఫేట్లను ఇస్తే పాలిమరేజ్ ఎస్‌పీ రూపాన్నే తీసుకుంటుంది, తయారైన గొలుసులో ఆర్‌పీ రూపం కనిపిస్తుంది. అంటే ఒకే ఒక్క తిరగబాటు; మధ్యలో ఎంజైముకు అతుక్కున్న దశ ఏదీ లేదన్నమాట. 1970ల్లో ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌పైన, ఆ దశాబ్దం చివరిలో బర్గర్స్‌తో కలిసి డీఎన్‌ఏ పాలిమరేజ్-1 పైన ఈ పని చేశారు. ఇదంతా యాంత్రిక వివరం అని మీకు అనిపించవచ్చు. కానీ ఇదే రసాయనం ఎటెటు పాకిందో చూడండి. 1983లో కేంబ్రిడ్జ్‌లో శాంగర్ పద్ధతి సీక్వెన్సింగ్‌కు (డీఎన్‌ఏ అక్షరాల వరుస చదవడానికి) రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 స్థానంలో గంధకం-35 ఉన్న డీఏటీపీ-ఆల్ఫా-ఎస్‌ను, అంటే అలాంటి ట్రైఫాస్ఫేట్లలో ఒకదాన్ని, వాడటం మొదలైంది; దాని బీటా కిరణాల శక్తి తక్కువ కాబట్టి ఫిల్మ్ మీద గీతలు సన్నగా, స్పష్టంగా పడేవి, అర్ధాయువు పద్నాలుగు రోజులకు బదులు ఎనభై ఏడు రోజులు కాబట్టి సీసా త్వరగా పనికిరాకుండా పోయేది కాదు. 1990ల్లో వచ్చిన, కాంతి ద్వారా వరుస చదివే పైరోసీక్వెన్సింగ్‌లో మామూలు డీఏటీపీని వెలుగునిచ్చే ఎంజైము లూసిఫరేజ్ తానే వాడేసుకుని అనవసరపు కాంతినిస్తుంటే, పాలిమరేజ్ అంగీకరించి లూసిఫరేజ్ పట్టించుకోని ఇదే థయో రూపం ఆ చిక్కును తీర్చింది. 1985లో ఆయన బృందమే ఒక ఉత్పరివర్తన పద్ధతిని ప్రచురించింది. అందులో డీఎన్‌ఏ జంటలో ఒక పేటను మాత్రం థయో న్యూక్లియోటైడ్లతో కడతారు. ఎన్‌సీఐ-1 వంటి కోత ఎంజైము ఆ పేటను కోయలేక రెండో పేటకు మాత్రమే గంటుపెడుతుంది. ఆ గంటు నుంచి పాత పేటను తినివేయించి మళ్లీ కట్టిస్తే మనం కోరిన మార్పు రెండు పేటల్లోనూ స్థిరపడుతుంది.

రైబోజైములు వచ్చాక ఆ ప్రయోగశాల అటు మళ్లింది. 1991లో హామర్‌హెడ్ అనే రైబోజైములో 2-ప్రైమ్ స్థానాల వద్ద ఫ్లోరో, అమినో సమూహాలు పెట్టి, ఉత్ప్రేరక శక్తి పోకుండానే న్యూక్లియేజ్‌లకు (కేంద్రకామ్లాలను కోసే ఎంజైములకు) లొంగని అణువులను చేశారు. కాబట్టి మీరు రెండు వేర్వేరు దారులని చెబుతున్న గంధకమూ, 2-ప్రైమ్ మార్పూ ఆ ఒక్క ప్రయోగశాలలోనే కలిశాయి. అక్కడ హామర్‌హెడ్ ఆకృతిపై పనిచేసిన థామస్ టుష్ల్, అమెరికాలో కొంతకాలం ఉండి గొట్టింగెన్‌లోనే మరో మాక్స్ ప్లాంక్ సంస్థకు తిరిగివచ్చి, ఇరవై ఒక్క న్యూక్లియోటైడ్ల ఆర్‌ఎన్‌ఏ జంటలు క్షీరద కణాల్లో జన్యువులను నిశ్శబ్దం చేయగలవని 2001లో తన బృందంతో చూపించారు. పొట్టి ఆర్‌ఎన్‌ఏను రసాయనికంగా కట్టడం, శుద్ధిచేయడం చేతికి అలవాటైన చోట ఆయన తయారయ్యారన్న సంగతి నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. ఆ రెండు సంస్థలూ 2022లో ఒకటిగా విలీనమయ్యాయి.

ఇక పాత పద్ధతులకు విలువ ఉందా అన్న మీ అనుమానం. మెగ్నీషియం అయాను ఆక్సిజన్‌ను ఇష్టపడుతుంది, గంధకాన్ని పెద్దగా పట్టుకోదు. మాంగనీస్, కాడ్మియం గంధకాన్ని పట్టుకుంటాయి. ఒక ప్రత్యేక ఆక్సిజన్ స్థానంలో గంధకం పెట్టినప్పుడు చర్య ఆగిపోయి, కాడ్మియం వేస్తే తిరిగి నడిస్తే, ఆ ఆక్సిజన్‌ను ఒక లోహ అయాను పట్టుకుని ఉండేదని అర్థం. ఈ తర్కంతోనే 2013లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన స్టేలీ, పిచిరిల్లి బృందాలు, ప్రీ-ఎంఆర్‌ఎన్‌ఏను కత్తిరించి అతికించే స్ప్లైసియోసోమ్‌లో ఉత్ప్రేరక లోహాలను పట్టుకునేది అందులోని యూ6 అనే ఆర్‌ఎన్‌ఏయేనని నిరూపించాయి. ఆ యంత్రపు సూక్ష్మ నిర్మాణాలు క్రయో మైక్రోస్కోపులో 2015 నుంచి బయటికి వచ్చాయి. నిర్మాణం చూస్తే పరమాణువులు ఎక్కడ నిలిచి ఉన్నాయో తెలుస్తుంది. చర్య జరిగే క్షణంలో ఏ పరమాణువు ఏ పని చేసిందో తేల్చడానికి ఒక పరమాణువును మార్చి చూడవలసిందే.

సమాధానం: ఔషధ రసాయనం

పై సమాధానం తరువాత మొదటి ప్రయోగశాల తరఫున నాలుగు మాటలు చెప్పేవారు అవసరమనిపించి రాస్తున్నాను. ఆలిగోన్యూక్లియోటైడ్ మందుల తయారీ వైపు చాలాకాలంగా ఉన్నాను.

చికిత్సకు ఈ అణువులను వాడవచ్చన్న ఆలోచనకు 1978లో జామెస్నిక్, స్టీఫెన్‌సన్‌లు రౌస్ సార్కోమా వైరస్‌పై పదమూడు న్యూక్లియోటైడ్ల డీఎన్‌ఏతో చేసిన ప్రయోగం పునాది. మామూలు డీఎన్‌ఏను రక్తంలోకి ఎక్కిస్తే న్యూక్లియేజ్‌లు త్వరగా నమిలేస్తాయి కాబట్టి, ఎంజైముల అధ్యయనం కోసం పుట్టిన ఫాస్ఫోరోథయోయేట్‌ను ఇటువైపు తెచ్చారు. గంధకం రెండు పనులు చేసింది. మొదటిది అందరూ ఊహించినదే, న్యూక్లియేజ్‌లకు లొంగకపోవడం. రెండోది ప్రొటీన్లకు అంటుకునే గుణం: రక్తంలోని ఆల్బుమిన్ వంటివాటికి అతుక్కుని ఉండటం వల్ల మందు మూత్రపిండాల ద్వారా వెంటనే బయటికి పోదు, కణజాలాల్లోకి చేరడానికి వ్యవధి దొరుకుతుంది. అదే అంటుకునే గుణం మోతాదు పెరిగినప్పుడు కాంప్లిమెంట్ అనే రక్తంలోని రోగనిరోధక వ్యవస్థను రేపడం వంటి దుష్ఫలితాలకూ కారణమవుతుంది. పైగా ప్రతి గంధకమూ లక్ష్య ఆర్‌ఎన్‌ఏతో జతకట్టే బలాన్ని కొద్దిగా తగ్గిస్తుంది.

ఆ లోటును 2-ప్రైమ్ మార్పులు పూడ్చాయి. మిథాక్సీఇథైల్ సమూహం జంటను బిగిస్తుంది, న్యూక్లియేజ్‌లను ఇంకా దూరం పెడుతుంది. కానీ అలా మార్చిన గొలుసుతో ఏర్పడిన జంటను ఆర్‌ఎన్‌ఏజ్-హెచ్ (డీఎన్‌ఏతో జతకట్టిన ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైము) గుర్తించదు. లక్ష్య ఆర్‌ఎన్‌ఏను కోయించాలంటే నడుమ కొంత భాగం డీఎన్‌ఏగా ఉండి తీరాలి. అందుకే రెండు చివర్లా అయిదేసి మార్చిన యూనిట్లు, మధ్యలో పది డీఎన్‌ఏ యూనిట్లు ఉండే గ్యాప్‌మర్ అమరిక పుట్టింది. 2013లో అనుమతి పొందిన మిపోమెర్సెన్ అటువంటిదే. 2016 డిసెంబరులో అనుమతి పొందిన నుసినెర్సెన్‌కు కోయించే పని లేదు. వెన్నెముక కండరాల క్షీణత ఉన్నవారిలో ఎస్‌ఎంఎన్-2 జన్యువు స్ప్లైసింగ్‌ను దారి మళ్లించడమే దాని పని కాబట్టి, దానిలోని పద్దెనిమిది యూనిట్లూ మిథాక్సీఇథైల్ రూపంలోనే ఉన్నాయి. ఏ మార్పు మంచిదన్న ప్రశ్నకు విడిగా సమాధానం ఉండదు. ఏ ఎంజైముతో పని చేయించాలి అన్నది ముందు తేలాలి. అందువల్ల ఔషధాల ప్రయోగశాలలో చేరినా ఎంజైముల రసాయనం మిమ్మల్ని వదలదు.

కైరాలిటీ తలనొప్పి అన్నారు కదా, దాని పరిమాణం చెబుతాను. మామూలు పద్ధతిలో తయారుచేస్తే ప్రతి గంధక బంధం వద్ద రెండు రూపాలూ వస్తాయి. 1998లో అనుమతి పొందిన తొలి యాంటీసెన్స్ (లక్ష్య ఆర్‌ఎన్‌ఏతో జతకట్టి పనిచేసే) మందు ఫోమివిర్సెన్‌లో ఇరవై ఒక్క న్యూక్లియోటైడ్లు, ఇరవై గంధక బంధాలు ఉన్నాయి. అంటే సీసాలో ఉన్నది 10,48,576 డయాస్టీరియోమర్ల (విన్యాసంలో మాత్రమే తేడా ఉన్న రూపాల) మిశ్రమం. నుసినెర్సెన్‌లో పదిహేడు బంధాలకు 1,31,072. ఒక్కొక్క బంధం విన్యాసాన్ని మన అదుపులో ఉంచే సంశ్లేషణను పోలండ్‌కు చెందిన వోయ్చెక్ స్టెట్స్ చాలా ముందే చేసి చూపారు, ఇటీవల సంస్థలు దాన్ని పెద్ద ఎత్తున చేపట్టాయి. విన్యాసాన్ని అదుపు చేస్తే మందు నిజంగా మెరుగవుతుందా అన్నదానిపై మాలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ముఖ్యమైన పని అయిపోయిందేమోనన్న మీ అనుమానానికి ఇదొక్కటే చాలు సమాధానంగా.

2018లో తొలి ఎస్ఐఆర్‌ఎన్‌ఏ మందు పటిసిరాన్ లిపిడ్ నానోకణాల్లో వచ్చింది. తరువాతివి చక్కెర జాతికి చెందిన గాల్‌నాక్ అనే మూడు కొమ్మల సమూహాన్ని తగిలించుకుని నేరుగా కాలేయ కణాల్లోకి వెళుతున్నాయి. కొలెస్టరాల్‌కు వాడే ఇన్‌క్లిసిరాన్‌ను ప్రారంభ మోతాదుల తరువాత ఆరు నెలలకోసారి ఇస్తే సరిపోతుంది. ఫ్లోరో, మిథాక్సీ సమూహాలతో రెండు పేటలనూ పూర్తిగా కప్పివేయడం వల్లే అంతకాలం నిలుస్తోంది. అయితే ఇదంతా కాలేయం కథ. మెదడుకు వెన్నులో సూది వేయాల్సి వస్తోంది, కండరానికి యాంటీబాడీలను జోడించి ప్రయత్నిస్తున్నారు. కణంలోకి వెళ్లినదానిలో చాలా స్వల్ప భాగం మాత్రమే ఎండోసోమ్ సంచి నుంచి బయటపడి పనిలోకి దిగుతుంది. ఈ చివరి మెట్టు దగ్గర మేమంతా ఆగి ఉన్నాం.

సమాధానం: తటస్థ పాఠకుడు

ఇద్దరు పెద్దలూ చెప్పింది సమాచారపరంగా బాగుంది కానీ, గెలిచినవారి కథలే వరుసగా చెబితే విద్యార్థికి తప్పు అంచనా ఏర్పడుతుంది. ఫోమివిర్సెన్‌కు అనుమతి వచ్చిన కొన్నేళ్లకే అమ్మకాలు ఆగిపోయాయి. అది ఎయిడ్స్ రోగులకు వచ్చే ఒక వైరస్ కంటి వ్యాధికి మందు; ఎయిడ్స్‌కు మంచి మందులు రావడంతో, ఆ కంటి వ్యాధి బారిన పడేవారే తగ్గిపోయారు. క్యాన్సర్‌కని తయారుచేసిన ఒబ్లిమెర్సెన్‌ను 2004లో అమెరికా సలహా సంఘం తిరస్కరించింది. ఎస్ఐఆర్‌ఎన్‌ఏపై భారీగా పెట్టుబడి పెట్టిన ఔషధ సంస్థ రోష్ 2010లో ఆ పరిశోధననే ఆపేసింది. హంటింగ్టన్ వ్యాధికి ఉద్దేశించిన టోమినెర్సెన్ పెద్ద పరీక్షలో మోతాదులు 2021లో నిలిపివేశారు. ఈ ఒక్కొక్క నిర్ణయం వెనక, థీసిస్ మధ్యలోనో పోస్ట్‌డాక్ మధ్యలోనో చిక్కుకున్నవారు ఎందరో ఉంటారు.

ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకు పునాది వేసిన కటలిన్ కారికో విషయం అందరికీ తెలిసిందే. 1995లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆమె హోదా తగ్గించారు. డ్రూ వైస్‌మన్‌తో కలిసి, సూడోయూరిడిన్ (ఆర్‌ఎన్‌ఏలోని యూరిడిన్‌కు మారు రూపం) వంటి మార్పులుంటే ఆర్‌ఎన్‌ఏ సహజ రోగనిరోధక గ్రాహకాల కంటపడకుండా తప్పించుకుంటుందని చూపిన పత్రం 2005లో వచ్చింది. నోబెల్ 2023లో వచ్చింది. ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెబుతుంటారు. ఆ మధ్యకాలంలో జీతం ఎవరిస్తారన్నది విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్న అని నేను అంటాను. ఎక్‌స్టైన్‌కు మాక్స్ ప్లాంక్ వ్యవస్థ ఇచ్చిన నిలకడ ఉండబట్టే అంత ఓపికైన పని సాధ్యమైంది. మూడేళ్ల గ్రాంటు మీద నడిచే ప్రయోగశాలలో అదే తరహా పనిని ఆశించడం అత్యాశ.

సమాధానం: ఎంజైముల రసాయనం

తటస్థ పాఠకుడు గారి హెచ్చరిక సమంజసమైనది. నిధుల గురించి ఆయన అన్నదానికి నేను ఎదురు చెప్పలేను. ఒక చిన్న విషయం మాత్రం జోడిస్తాను, ఎందుకంటే కారికో పేరు వచ్చింది. 1969లోనే డి క్లెర్క్, ఎక్‌స్టైన్, మెరిగన్‌లు సైన్స్ పత్రికలో ఒక పత్రం ప్రచురించారు: ఏ, యూ అక్షరాలు ఒకటి విడిచి ఒకటిగా ఉండే కృత్రిమ ఆర్‌ఎన్‌ఏ వెన్నెముకలో గంధకం చేరిస్తే ఇంటర్ఫెరాన్ (వైరస్‌లను ఎదిరించే ప్రొటీన్) ఉత్పత్తి పెరిగింది. రసాయన మార్పు వల్ల రోగనిరోధక స్పందన మారుతుందన్న సంగతి అప్పుడే తెలుసన్నమాట. అయితే అక్కడ మార్పు స్పందనను పెంచింది, 2005లో ఆర్‌ఎన్‌ఏ అక్షరమైన క్షారంలో చేసిన మార్పు దాన్ని అణచింది. స్పందనను పెంచే గుణం కూడా వృథా పోలేదు. 2017లో అమెరికాలో అనుమతి పొందిన ఒక హెపటైటిస్-బి టీకాలో రోగనిరోధక స్పందనను రేపడానికి కలిపేది ఇరవై రెండు న్యూక్లియోటైడ్ల ఫాస్ఫోరోథయోయేట్ డీఎన్‌ఏయే.

మళ్లీ: జీవరసాయన విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. గ్రాంటు ఎన్నేళ్లకు ఉందో రెండు చోట్లా అడుగుతాను, ఇంతవరకు ఆ ఆలోచనే రాలేదు. ఒక్క సందేహం మిగిలింది. సంశ్లేషణ అనుభవం లేనివారు ఈ పనిలో ఎక్కడ ఇబ్బంది పడతారు? థయో ఆలిగోలను బయటి సంస్థల నుంచి కొనుక్కోవచ్చు కదా, అలా కొనుక్కుంటూ జీవరసాయన భాగం మాత్రమే చేయడం సరైనదేనా?

సమాధానం: సింథసైజర్ పక్కన

కొనుక్కోవచ్చు, చాలామంది కొంటారు. అయినా కనీసం కొన్ని గొలుసులను మీ చేతులతో కట్టి చూడమని సలహా ఇస్తాను. వచ్చిన ఫలితం అణువుదా, దానిలోని మలినానిదా అని అనుమానం వచ్చిన రోజున, కట్టినవారికే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

1980ల మొదట్లో కారుథర్స్ బృందం తెచ్చిన ఫాస్ఫోరమిడైట్ పద్ధతి వల్ల గొలుసు కట్టే పనిని యంత్రమే చేస్తుంది. చివరనున్న ట్రిటైల్ కవచాన్ని ఆమ్లంతో తొలగించడం, కొత్త యూనిట్‌ను జతచేయడం, జతపడని చివరలను మూసివేయడం, ఫాస్ఫరస్‌ను ఆక్సీకరించడం: ఈ నాలుగు పనులూ తిరిగి తిరిగి జరుగుతాయి. ట్రిటైల్ ఊడినప్పుడు గొట్టంలో నారింజ రంగు ద్రవం వస్తుంది. దాని గాఢతను 498 నానోమీటర్ల వద్ద కొలుస్తారు. రంగు ఒక్కసారిగా పలచబడితే ఆ ముందరి చక్రంలో జతపడటం చెడిందని తెలుసుకోవాలి. చాలాసార్లు నేరం అసిటోనైట్రైల్‌లో చేరిన తేమది. ఇరవై యూనిట్ల గొలుసుకు పంతొమ్మిది జతలు పడాలి. ఒక్కో జత 99 శాతం సఫలమైతే పూర్తి నిడివి గొలుసు 83 శాతం దాకా వస్తుంది, 98 శాతమైతే 68కి పడిపోతుంది. ఒక్క శాతమే కదా అనుకునేవారిని ఈ లెక్క దారికి తెస్తుంది.

థయోయేట్ కావాలంటే ఆక్సీకరణకు బదులు గంధకాన్ని అందించే కారకాన్ని పంపాలి. ఇక్కడ జీవరసాయనం నుంచి వచ్చినవారు రెండుచోట్ల తడబడటం చూశాను. మొదటిది క్రమం: బోకాజ్ కారకం వంటివి వాడేటప్పుడు గంధకం చేర్చే దశ మూసివేత దశకు ముందు రావాలి, లేకపోతే కొన్నిచోట్ల ఆక్సిజన్ చొరబడుతుంది. రెండోది, మాస్ స్పెక్ట్రమ్‌లో ప్రధాన శిఖరం సరైన చోట ఉందని చూసి తృప్తిపడటం. ఒక్క బంధంలో గంధకం బదులు ఆక్సిజన్ ఉన్న గొలుసు పదహారు డాల్టన్లు తేలికగా ఉంటుంది, పెద్ద శిఖరం పక్కనే చిన్నగా కనిపిస్తుంది, చూపు దాటిపోతుంది. అందుకే ఫాస్ఫరస్-31 ఎన్‌ఎంఆర్ కూడా తీయించండి. థయోయేట్ శిఖరాలు 55 పీపీఎం దగ్గర వస్తాయి, మామూలు ఫాస్ఫేట్ సున్నా దగ్గర వస్తుంది. మధ్యలో అంత దూరం ఉంది కాబట్టి సున్నా దగ్గర బుడిపె ఉందంటే ఇక వాదన అక్కర్లేదు. గంధకం చేరడం ఒక్కో బంధానికి 99.5 శాతం సఫలమైనా, పంతొమ్మిది బంధాలూ థయోయేట్లుగా ఉన్న గొలుసులు 91 శాతమే. మీరు లోహ అయాన్ల ప్రయోగం చేస్తూ, గంధకం పెట్టాక కూడా కొద్దిగా చర్య మిగిలిందని చూశారనుకోండి. ఆ మిగిలిన చర్య ఎంజైముదా, లేక మీ నమూనాలో ఉండిపోయిన ఆక్సిజన్ రూపానిదా? ఒక్క చోట మాత్రమే గంధకమున్న నమూనాలో ఈ ప్రశ్న పత్రాన్ని నిలబెట్టగలదు, పడగొట్టగలదు.

ఒకే గంధకం ఉన్న పొట్టి గొలుసుల్లో ఆర్‌పీ, ఎస్‌పీ రూపాలను హెచ్‌పీఎల్‌సీలో చాలాసార్లు వేరుచేయవచ్చు. ఏ శిఖరం ఏ రూపమో నిర్ణయించడానికి న్యూక్లియేజ్‌లే సాయపడతాయి: పాము విషంలోని ఫాస్ఫోడైఎస్టరేజ్ ఆర్‌పీ రూపాన్ని త్వరగా కోస్తుంది, న్యూక్లియేజ్-పీ1 ఎస్‌పీ రూపాన్ని కోస్తుంది. ఇది పూర్తిగా మీ జీవరసాయనమే. కాబట్టి భయపడవలసినంత దూరంలో మీరు లేరు.

సమాధానం: ఔషధ రసాయనం

ఎంఆర్‌ఎన్‌ఏ వైపు పని అయిపోయిందా అన్న ప్రశ్నకు ఎవరూ నేరుగా జవాబివ్వలేదు కనుక చెబుతున్నాను. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో వాడిన ఎన్1-మిథైల్ సూడోయూరిడిన్ ఉన్నచోట్ల రైబోసోము అప్పుడప్పుడు ఒక అక్షరం ముందుకు జారి వేరే ప్రొటీన్ ముక్కలను తయారుచేస్తుందని 2023 డిసెంబరులో కేంబ్రిడ్జ్ బృందం నేచర్‌లో చూపించింది. హాని కలిగినట్లు వారు చెప్పలేదు. ఆ జారే చోట్లను గుర్తించి, అర్థం మారకుండా వరుసను మారిస్తే జారడం తగ్గుతుందని కూడా చూపారు. కోట్లమందికి ఇచ్చిన తరువాత కూడా ఒక మిథైల్ సమూహం గురించి ఇంత మౌలికమైన సంగతి బయటపడింది.

సమాధానం: ఎంజైముల రసాయనం

అదే కోవలో గంధకం గురించి కూడా ఒకటుంది. స్ట్రెప్టోమైసిస్ లివిడాన్స్ అనే బ్యాక్టీరియా డీఎన్‌ఏను జెల్‌లో నడిపితే కొన్ని నిర్దిష్ట చోట్ల తెగిపోతోందని 1988లో గుర్తించారు. కారణం 2007లో గానీ పూర్తిగా తేలలేదు: ఆ బ్యాక్టీరియా తన డీఎన్‌ఏ వెన్నెముకలో తానే గంధకం చేరుస్తోంది, అదీ ఆర్‌పీ రూపంలో మాత్రమే. షాంఘైలోని డెంగ్, ఎంఐటీలోని డీడన్ బృందాలు కలిసి దీన్ని నిరూపించాయి. దాదాపు నలభై ఏళ్లపాటు మనిషి కల్పనగానే భావించిన అణువు ప్రకృతిలో ఉందని తెలిశాక, ఆ గంధకాన్ని చేర్చే ఎంజైములు, గుర్తించే ఎంజైములు, దాన్ని చూసి కోసే ఎంజైములు అన్నీ కొత్త ప్రశ్నలయ్యాయి. మీ రెండో ప్రయోగశాల ఈ వైపు ఏమైనా చేస్తోందేమో కనుక్కోండి. చేస్తుంటే నేనైతే అటే మొగ్గుతాను. చేయకుండా పాత రైబోజైములకే పరిమితమై ఉంటే మొదటి ప్రయోగశాల మేలు.

మళ్లీ: జీవరసాయన విద్యార్థి

రెండో ప్రయోగశాల వెబ్‌సైటులో బ్యాక్టీరియా ఫాస్ఫోరోథయోయేట్ల ప్రస్తావన ఒక పోస్టర్ శీర్షికలో మాత్రమే కనిపించింది. వారితో మాట్లాడేటప్పుడు ఆ పని ఎంతవరకు వచ్చిందో అడుగుతాను, తాము వేరుచేసిన ఆర్‌పీ, ఎస్‌పీ నమూనాల క్రోమటోగ్రామ్, ఫాస్ఫరస్ ఎన్‌ఎంఆర్ చూపించమని కూడా కోరతాను. మొదటి ప్రయోగశాలవారిని, తాము కట్టే అణువులను ఏ ఎంజైముపై పరీక్షిస్తున్నారో, ఆ పరీక్షను విద్యార్థే చేస్తారా లేక వేరొకరికి పంపుతారా అని అడగాలనుకుంటున్నాను. వివరాలు తెలిశాక ఇక్కడే రాస్తాను.